పంచాంగ గణితం ఎక్కడ ఆగుతుంది, జ్యోతిష ఫలితం ఎక్కడ మొదలవుతుంది

పరాభవ నామ సంవత్సర ఉగాది 2026 మార్చి 19, గురువారం నాడు పడింది. ఆ రోజు హైదరాబాదులో ఉదయం 6.20 ప్రాంతంలో సూర్యుడు ఉదయించేసరికి ఫాల్గుణ అమావాస్య ఇంకా మిగిలే ఉంది. అది 6.53కు ముగిసి పాడ్యమి మొదలైంది. ఆ పాడ్యమి కూడా మరునాటి సూర్యోదయం దాకా నిలవక తెల్లవారుజామున 4.52 ప్రాంతంలోనే వెళ్ళిపోయింది. సూర్యోదయ వేళకు ఏ తిథి ఉంటే అదే ఆ రోజు తిథి అన్న సాధారణ నియమం పెట్టి చూస్తే ఆ ఏడు చైత్ర శుద్ధ పాడ్యమికి తనదంటూ ఒక రోజు లేదు. పంచాంగ పరిభాషలో దీన్ని క్షయ తిథి అంటారు. ఇలాంటి సంవత్సరాల్లోనే పంచాంగం మీద అనుమానాలు ఎక్కువగా వినిపిస్తాయి. పంచాంగకర్తలు ఒక మాట మీద ఎందుకు ఉండరు, పంచాంగం తప్పైతే జాతకాలూ ముహూర్తాలూ ఏమవుతాయి అన్న ప్రశ్నలు అందులో ముఖ్యమైనవి.

సారాంశం: పంచాంగంలో గణితం, శాస్త్ర నియమం, ఫలితం అనే మూడు పొరలు ఒకే పుటలో కలిసి అచ్చవుతాయి. గణితాన్ని ఆకాశంతో పోల్చి సరిచూడవచ్చు. నియమాలు ధర్మశాస్త్ర సంప్రదాయం నుంచి వస్తాయి. ఫలితం జ్యోతిష విశ్వాసానికి సంబంధించినది. వివాదాల్లో ఎక్కువ భాగం మొదటి రెండు పొరల్లో ఎంచుకున్న ఆధారాలు వేరు కావడం వల్ల పుడతాయి.

ఐదు అంగాలకూ మూలం సూర్యచంద్రులే

తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే ఐదింటిలో కుజుడికి గానీ గురువుకు గానీ శనికి గానీ చోటు లేదన్న సంగతి చాలామంది గమనించరు. చంద్రుడు సూర్యుణ్ణి విడిచి 12 డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలం ఒక తిథి. అందులో సగం, అంటే 6 డిగ్రీలు, ఒక కరణం. రాశిచక్రాన్ని 27 భాగాలు చేస్తే వచ్చే 13 డిగ్రీల 20 నిమిషాల భాగాల్లో చంద్రుడు ఎక్కడున్నాడో చెప్పేది నక్షత్రం. సూర్యచంద్రుల స్ఫుటాలను (రాశిచక్రంలో వారున్న డిగ్రీలను) కూడి, ఆ మొత్తాన్ని అదే కొలతతో భాగిస్తే విష్కంభం నుంచి వైధృతి దాకా 27 యోగాల్లో ఒకటి వస్తుంది. వారం ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం దాకా సాగుతుంది.

వారాల వరుస వెనక ఒక చిన్న లెక్క దాగి ఉంది. నెమ్మదిగా కదిలే గ్రహం నుంచి వేగంగా కదిలే గ్రహం దాకా పేర్చితే శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర అని వస్తుంది. రోజుకు 24 హోరలకూ (గంటలకూ) ఇదే వరుసలో అధిపతులను కేటాయిస్తారు. ఆదివారం మొదటి హోర రవిది. ఏడేసి చొప్పున మూడు చుట్లు పూర్తయ్యాక 22వ హోర మళ్ళీ రవికి, 23వది శుక్రుడికి, 24వది బుధుడికి పోగా, మరునాటి మొదటి హోర చంద్రుడికి వస్తుంది కాబట్టి ఆదివారం వెంట సోమవారం నడుస్తుంది.

సూర్యచంద్రుల వేగం రోజూ ఒకేలా ఉండదు కనుక తిథి నిడివి కూడా స్థిరంగా ఉండదు. అది ఒక్కోసారి దాదాపు 20 గంటలకే ముగుస్తుంది, ఒక్కోసారి 26 గంటల 48 నిమిషాల దగ్గరిదాకా సాగుతుంది. రెండు సూర్యోదయాల మధ్యే మొదలై అక్కడే ముగిసే తిథి క్షయమవుతుంది, రెండు సూర్యోదయాలనూ తాకే తిథి వృద్ధి అవుతుంది. 2026 ఉగాది పాడ్యమి నిడివి దాదాపు 22 గంటలే, అందుకే అది రెండు ఉదయాల నడుమ ఇమిడిపోయింది.

పంచాంగం చూడటంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ‘పాడ్యమి తె. 4.52 వరకు’ అని గురువారం వరుసలో అచ్చైతే, అది గురువారం తెల్లవారక ముందటి 4.52 అని కొందరు అనుకుంటారు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కనుక ఆ 4.52 గడియారం ప్రకారం శుక్రవారం వేకువది. ఈ ఒక్క అక్షరం దగ్గర జరిగే తప్పు వల్ల తిథి మొత్తం ఒక రోజు వెనక్కి జరిగిపోతుంది.

అన్ని అంగాలూ ఒకేసారి ఏర్పడలేదు

వేదాంగ జ్యోతిషం నాటి లెక్క ఐదేళ్ళ యుగం మీద నడిచేది. ఆ యుగానికి 1,830 రోజులు, 62 చాంద్రమాసాలు. యజ్ఞాలకు కాలం నిర్ణయించడమే అప్పటి అవసరం, అందుకు తిథి, నక్షత్రం సరిపోయేవి. వారాలు, మేషాది రాశులు సిద్ధాంత కాలంలో వచ్చి చేరి పంచాంగానికి నేటి రూపం ఇచ్చాయి. జ్యోతిషాన్ని సిద్ధాంతం, సంహిత, హోర అని మూడు స్కంధాలుగా విభజిస్తారు. గ్రహగతుల లెక్క సిద్ధాంతానిది, దేశానికీ వర్షాలకూ పంటలకూ సంబంధించిన శకునాలు సంహితవి, వ్యక్తి జాతకం హోరది. పంచాంగంలోని తిథి వారాదులు మొదటి స్కంధానికి చెందుతాయి, నవనాయక ఫలాలు (ఆ ఏటికి రాజు, మంత్రి వంటి పదవులు పొందిన గ్రహాల ఫలాలు) రెండో దానికి దగ్గరగా ఉంటాయి, రాశి ఫలాలు మూడో దాని ఛాయలో ఉంటాయి. మూడూ ఒకే పుస్తకంలో, ఒకే సిద్ధాంతి పేరు మీద వస్తాయి కనుక వాటి ప్రామాణికత కూడా ఒకటే అన్న భావన పాఠకుల్లో ఏర్పడుతుంది. ఈ వ్యవహారంలోని చిక్కు చాలావరకు ఇక్కడే ఉంది.

జాతకంలో పంచాంగం

జాతకం వేసేటప్పుడు పంచాంగం నుంచి మొదట తీసుకునేది జన్మ నక్షత్రం, దాని పాదం. నక్షత్రానికి నాలుగు పాదాల చొప్పున 108 పాదాలు వస్తాయి. నామకరణంలో మొదటి అక్షరం పాదాన్ని బట్టే ఎంచుతారు, అశ్వినికి చూ, చే, చో, లా అన్నట్టు. లగ్నం, అంటే ఆ వేళకు తూర్పున ఉదయించే రాశి, మాత్రం ఐదు అంగాల్లోనిది కాదు. అది సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది, ఊరిని బట్టి కూడా మారుతుంది. అందుకే పంచాంగాల్లో లగ్నాంత కాలాలను విడి పట్టికగా ఇస్తారు.

జీవితాన్ని గ్రహాల వారీ కాలాలుగా విభజించే వింశోత్తరీ దశల్లో నక్షత్రం పాత్ర అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. ఇందులో తొమ్మిది గ్రహాలకు కలిపి 120 ఏళ్ళు పంచుతారు. కేతువుకు 7, శుక్రుడికి 20, రవికి 6, చంద్రుడికి 10, కుజుడికి 7, రాహువుకు 18, గురువుకు 16, శనికి 19, బుధుడికి 17. పుట్టిన వేళకు చంద్రుడు భరణిలో 4 డిగ్రీలు నడిచి ఉన్నాడనుకుంటే, భరణికి అధిపతి శుక్రుడు కనుక జీవితం శుక్ర దశతో మొదలవుతుంది. 13 డిగ్రీల 20 నిమిషాల్లో 4 డిగ్రీలంటే పదింట మూడు వంతులు. 20 ఏళ్ళలో 6 ఏళ్ళు గడిచిపోయినట్టు, 14 ఏళ్ళు మిగిలినట్టు లెక్క. చంద్రస్ఫుటం ఒకటిన్నర డిగ్రీ ముందుకు జరిగితే మిగిలేది 11 ఏళ్ళ 9 నెలలు. ఆ తరువాత వచ్చే ప్రతి దశా రెండేళ్ళ మూడు నెలలు ముందుకు వచ్చేస్తుంది. ఒకే వ్యక్తికి ఇద్దరు జ్యోతిషులు రెండు రకాల దశాకాలాలు చెప్పడానికి ఇలాంటి తేడాలే తరచూ కారణం.

ముహూర్తంలో పంచాంగం

జాతకంలో పంచాంగం ముడిసరుకు మాత్రమే. ముహూర్తంలో అది నేరుగా నిర్ణయానికి దిగుతుంది. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం ఐదూ తలపెట్టిన పనికి అనుకూలంగా ఉండటాన్ని పంచాంగ శుద్ధి అంటారు. విష్టి కరణాన్ని, వ్యతీపాత వైధృతి యోగాలను శుభకార్యాలకు వదిలేస్తారు. ఆ పైన తారాబలం చూస్తారు. జన్మ నక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం దాకా లెక్కించి తొమ్మిదితో భాగిస్తే మూడు మిగిలినప్పుడు విపత్తార, ఐదైతే ప్రత్యక్తార, ఏడైతే నైధనతార. అశ్విని వారికి కృత్తిక మూడోది కాబట్టి అది విపత్తార అవుతుంది. భరణి వారికి అదే రోజు సంపత్తార. రోజు మంచిదా కాదా అన్న ప్రశ్నకు జ్యోతిషం ఒకే జవాబు ఇవ్వదు, ఎవరికి, ఏ పనికి అని ముందుగా అడుగుతుంది. గోడ క్యాలెండర్‌లో ‘మంచి రోజు’ అన్న ముద్ర చూసి నిర్ణయం తీసుకునేవారు ఈ తేడాను పట్టించుకోరు.

వర్జ్యం నక్షత్రాన్ని బట్టి వస్తుంది. నక్షత్రాన్ని 60 ఘడియలుగా (ఘడియ మామూలుగా 24 నిమిషాలు) భావించి, అశ్వినికి 50 ఘడియల తరువాత, రోహిణికి 40 ఘడియల తరువాత నాలుగేసి ఘడియలు వదిలేస్తారు. నక్షత్రం నిడివి పెరిగినా తగ్గినా ఆ నాలుగు ఘడియలూ అదే నిష్పత్తిలో మారుతాయి. రాహుకాలం మాత్రం పగటి నిడివిలో ఎనిమిదో వంతు. సోమవారం అది రెండో భాగం. అందరికీ కంఠస్థమైన ‘సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది’ అన్న లెక్క ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి సూర్యాస్తమయం అనుకుని చేసినది. డిసెంబరు చివర హైదరాబాదులో పగలు సుమారు 11 గంటల 3 నిమిషాలే ఉంటుంది, సూర్యోదయం 6.43 ప్రాంతంలో అవుతుంది. అప్పుడు సోమవారపు రాహుకాలం 8.06 నుంచి 9.29 దాకా వస్తుంది. బట్టీపట్టిన పట్టికను నమ్ముకున్నవారు తాము తప్పించుకోదలచిన వేళలోనే పని మొదలుపెట్టే అవకాశం ఉంది.

దీని ప్రభావం సమాజం మీదా పడుతుంది. గురువు, శుక్రుడు సూర్యుడికి దగ్గరై కనిపించని రోజులను మౌఢ్యమంటారు, వాడుకలో మూఢం. మూఢాలు, ఆషాఢం, అధికమాసం తీసేస్తే పెళ్ళిళ్ళకు మిగిలే రోజులు కొన్నే. కల్యాణ మండపాలు, పురోహితులు, వంటవాళ్ళ మీద ఒకే వారంలో ఒత్తిడి పడటానికీ, ఆ తరువాత నెలంతా ఖాళీగా ఉండటానికీ కారణం ఈ లెక్కే.

ఆదాయం 2, వ్యయం 14: ఆ అంకెలు ఎలా వస్తాయి

ఉగాది నాటి పంచాంగ శ్రవణంలో జనం ఎక్కువ ఆసక్తిగా వినేది ఆదాయ వ్యయాలు. వ్యవహారంలో ఉన్న ఒక పద్ధతి ప్రకారం, రాశ్యధిపతికీ ఆ ఏటి రాజుకూ అష్టోత్తరీ దశలో (108 ఏళ్ళు పంచే మరో దశా పద్ధతిలో) ఉన్న సంవత్సరాలను కూడి, మూడుతో గుణించి, ఐదు కలిపి, పదిహేనుతో భాగిస్తే మిగిలే శేషం ఆదాయం. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారమైతే ఆ వారాధిపతే రాజు. 2025 మార్చి 30 ఆదివారం కాబట్టి విశ్వావసు నామ సంవత్సరానికి రాజు రవి, ఆయనకు 6 ఏళ్ళు. మేషాధిపతి కుజుడికి 8. రెండూ కలిపితే 14, మూడు రెట్లు 42, ఐదు కలిపితే 47. పదిహేనుతో భాగిస్తే 3 సార్లు పోయి 2 మిగులుతుంది. అది ఆదాయం. ఆ భాగఫలం 3ను మళ్ళీ మూడుతో గుణించి ఐదు కలిపితే 14, అది వ్యయం. ఈ రెండో విలువ పదిహేను దాటితే దాన్నీ భాగించి శేషం తీసుకుంటారు.

ఈ లెక్కలో వ్యక్తి జన్మ సమయం ఎక్కడా లేదు, ఆ ఏటి గురు శనుల స్థానాలు కూడా లేవు. ఉన్నవి రాశ్యధిపతి, సంవత్సరాది పడిన వారం అనే రెండే. అందుకే కుజుడే అధిపతిగా ఉన్న మేష వృశ్చికాలు రెండింటికీ ఏ ఏడైనా ఒకే అంకెలు వస్తాయి. హోరా శాస్త్రం కోరే సూక్ష్మతకూ దీనికీ చాలా దూరం ఉంది. జ్యోతిషాన్ని గట్టిగా నమ్మేవారైనా ఈ అంకెలను తమ జాతక ఫలంగా తీసుకోవడానికి ఆ శాస్త్రంలోనే ఆధారం బలహీనంగా ఉంది.

ఫలభాగాన్ని పరీక్షకు పెట్టిన ప్రయత్నాలూ ఉన్నాయి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం పుణెలో జరిపి, 2009లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో జ్యోతిషులకు జాతక చక్రాలిచ్చి, అవి చదువులో ప్రతిభ చూపిన పిల్లలవో, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవో చెప్పమన్నారు. వారి జవాబులు బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికన్నా మెరుగ్గా లేవని తేలింది. ఈ ఫలితం జాతక ఫలాలకు వర్తిస్తుంది. గ్రహణం పట్టు విడుపులను నిమిషాలతో సహా చెప్పే పంచాంగ గణితానికి వర్తించదు.

రెండు పంచాంగాలు రెండు వేళలు చెప్పడానికి కారణం

తెలుగునాట పంచాంగాలు పూర్వ పద్ధతి, దృక్ పద్ధతి అని రెండు తీరుల్లో వస్తున్నాయి. మొదటిది సూర్య సిద్ధాంతం వంటి ప్రాచీన సూత్రాల మీద, రెండోది ఆధునిక ఖగోళ గణితం మీద నడుస్తుంది. తిథి 60 ఘడియలకు ఐదు ఘడియలు పెరగవచ్చు, ఆరు ఘడియలు తగ్గవచ్చు అనే ‘బాణవృద్ధి రసక్షయం’ మొదటివారి సూత్రం. రెండోవారిది ఏడు పెరిగి పది తగ్గే ‘సప్తవృద్ధి దశక్షయం’. ఘడియకు 24 నిమిషాలు కాబట్టి పూర్వ పద్ధతిలో తిథి 21 గంటల 36 నిమిషాల నుంచి 26 గంటల దాకా, దృక్ పద్ధతిలో 20 గంటల నుంచి 26 గంటల 48 నిమిషాల దాకా ఉంటుంది. రెండోది ఆకాశంలో నిజంగా కనిపించే హద్దులతో సరిపోతుంది.

పాత సూత్రాలు రాసినవారు అజాగ్రత్తపరులని దీన్నిబట్టి అనుకోకూడదు. చంద్రుడి మధ్యమ (సగటు) స్థానానికి వారు చేసిన ముఖ్య సవరణ గరిష్ఠంగా 5 డిగ్రీల చిల్లర. చంద్ర గమనంలోని రెండు పెద్ద అసమతలు అమావాస్య, పౌర్ణమి నాడు ఒకదాన్నొకటి కొంత తగ్గించుకుని సరిగ్గా అంతే మిగులుతాయి. గ్రహణాలు పట్టేది ఆ రోజుల్లోనే కనుక, గ్రహణాలతో సరిచూసుకుంటూ వచ్చిన సూత్రం అక్కడ చక్కగా కుదిరింది. అష్టమి ప్రాంతంలో అవే అసమతలు కలిసి 7 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు పూర్వ పద్ధతి రెండున్నర డిగ్రీల దాకా వెనకబడి, తిథ్యంతంలో ఐదు గంటల దాకా తేడా రావచ్చు. చంద్రుడికి రెండో సవరణ అవసరమని పదో శతాబ్దంలోనే ఖగోళ గణితజ్ఞుడు ముంజాలుడు గుర్తించాడు. 1431లో కేరళలో పరమేశ్వరుడనే ఖగోళ గణితజ్ఞుడు పరిశీలనతో సరిపోయేలా గణితాన్ని సంస్కరించాడు. ఆ లెక్కన దృక్ పద్ధతి బయటి నుంచి వచ్చిపడినది కాదు, ఈ సంప్రదాయంలోనిదే.

రెండో కారణం అయనాంశ. విషువ బిందువు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజున సూర్యుడుండే స్థానం) ఏడాదికి సుమారు 50 వికలల చొప్పున, 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. ఆ బిందువు నుంచి కొలిచే సాయన చక్రానికీ, స్థిర నక్షత్రాల ఆధారంగా కొలిచే నిరయన చక్రానికీ మధ్య ఇలా పెరిగిన ఎడమే అయనాంశ, అది ఎంత అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడి 1955లో నివేదిక ఇచ్చిన క్యాలెండర్ సంస్కరణ సంఘం చిత్రా నక్షత్రం ఆధారంగా లెక్కించే చిత్రా పక్షాన్ని స్వీకరించి, 1956 మార్చి 21 నాటికి 23 డిగ్రీల 15 నిమిషాలుగా నిర్ణయించింది. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ ప్రచురించే రాష్ట్రీయ పంచాంగం దీన్నే పాటిస్తుంది. జ్యోతిష రచయిత బి.వి. రామన్ అనుసరించిన అయనాంశ దీనికన్నా దాదాపు ఒకటిన్నర డిగ్రీ తక్కువ. భరణి ఉదాహరణలో దశ రెండేళ్ళకు పైగా జరిగినది సరిగ్గా ఇంత తేడాతోనే.

అయనాంశ మారినంత మాత్రాన పంచాంగమంతా మారదు. తిథి, కరణం సూర్యచంద్రుల మధ్య ఎడాన్ని బట్టి వస్తాయి. ఇద్దరి నుంచీ ఒకే మొత్తం తీసేస్తే ఎడంలో మార్పుండదు. నక్షత్రం మారుతుంది. యోగం రెండు స్ఫుటాల మొత్తం కనుక రెట్టింపు మారుతుంది. తిథి వేళల్లో తేడా కనిపిస్తే గణిత పద్ధతిని, తిథి కలిసి నక్షత్రం వేళ తేడాగా ఉంటే అయనాంశను అనుమానించవచ్చు.

అధికమాసం కూడా అయనాంశ మీదే ఆధారపడుతుంది, ఎందుకంటే సూర్య సంక్రమణం (సూర్యుడు రాశి మారడం) లేని చాంద్రమాసమే అధికమాసం. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. జూన్ 15న ఉదయం 8.24కు అమావాస్య ముగిసింది. సూర్యుడు మిథునంలోకి వెళ్ళింది అదే రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక. సంక్రమణం ఐదు గంటలు ముందుగా వచ్చి ఉంటే ఆ మాసం నిజ మాసమే అయ్యేది.

గణితం కలిసినా పండుగ కలవనప్పుడు

రెండు పంచాంగాలూ తిథి వేళలను ఒకేలా ఇచ్చి, పండుగను వేర్వేరు రోజుల్లో చెప్పిన సందర్భాలున్నాయి. 2024 దీపావళి అలాంటిది. అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం నాలుగు కావొస్తుండగా మొదలై నవంబరు 1 సాయంత్రం 6.17 ప్రాంతంలో ముగిసింది. లక్ష్మీపూజకు ప్రదోష వేళ, అంటే సూర్యాస్తమయం తరువాతి కొంతసేపు, అమావాస్య ఉండాలి. అక్టోబరు 31న ప్రదోషమంతా ఉంది. నవంబరు 1న హైదరాబాదులో సూర్యాస్తమయం 5.45 ప్రాంతంలో కావడంతో అరగంటే దక్కింది. రెండు రోజులూ తిథి తాకినప్పుడు దేనికి ప్రాధాన్యమన్నది ధర్మశాస్త్ర విచారణ. తెలుగు రాష్ట్రాల్లో మొదటి రోజే పాటించారు, దేశంలో కొన్నిచోట్ల రెండో రోజు. శ్రీరామనవమికి, వినాయక చవితికి మధ్యాహ్న వ్యాప్తి (ఆ వేళ తిథి ఉండటం), శివరాత్రికి అర్ధరాత్రి వ్యాప్తి చూస్తారు. సూర్యోదయ తిథి ఒక్కటే చూసి పండుగ తేల్చేవారికి ఈ నియమాలు తెలియవు, సమాచార మాధ్యమాల్లో చెలరేగే వాదాల్లో సగం ఇక్కడి నుంచి వచ్చినవే.

ఊరు మారితే పంచాంగం మారుతుంది

తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. సూర్యోదయం మాత్రం ఊరి ఊరికీ వేరు. మొదట చెప్పుకున్న ఉగాది అమావాస్య 6.53కు ముగిసినప్పుడు విశాఖపట్నంలో, హైదరాబాదులో సూర్యుడు అప్పటికే ఉదయించాడు. పశ్చిమ తీరాన ద్వారకలో సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో కనుక అక్కడ ఉదయానికే పాడ్యమి ఉంది, తిథికి క్షయం లేదు. న్యూయార్క్‌లో అదే క్షణం మార్చి 18 రాత్రి 9.23. అక్కడ 19న తెల్లవారేసరికి పాడ్యమి నడుస్తోంది, సాయంత్రం దాకా ఉంది. ఒకే తిథి హైదరాబాదు పంచాంగంలో క్షయమై, న్యూయార్క్ పంచాంగంలో మామూలుగా వచ్చింది.

ఇప్పుడు పంచాంగాన్ని చాలామంది ఫోన్‌లో చూస్తున్నారు. యాప్‌లో ఊరు, అయనాంశ, గణిత పద్ధతి ఏవి ఎంచి ఉన్నాయో దాన్ని బట్టే తెర మీద అంకెలు వస్తాయి. ఊరు మార్చని యాప్ డల్లాస్‌లో ఉన్నవారికి హైదరాబాదు వర్జ్యాన్నే చూపిస్తుంది. అచ్చు పంచాంగంలో సిద్ధాంతి పేరు, పద్ధతి, ఏ ఊరి రేఖాంశానికి గణించారన్న వివరం తొలి పుటల్లోనే ఉంటాయి. యాప్‌లో అవే వివరాలు అమరికల పుటలో ఉంటాయి. రెండు పంచాంగాలను పోల్చి ఒకటి తప్పని తేల్చే ముందు ఆ మూడు వివరాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.